పాత ఇల్లు, రీసేల్ ఫ్లాటు బేరం: ధర అడగడం నుంచి అగ్రిమెంటు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు గోడలు తట్టి చూస్తారు, కుళాయిలు తిప్పి చూస్తారు, ఫోన్‌లో దిక్సూచి పెట్టి తూర్పు ఎటో చూస్తారు. తీరా ధర మాట్లాడే వేళకి "లాస్ట్ ఎంతండీ?" అన్న ఒక్క మాట తప్ప చేతిలో ఏమీ ఉండదు. నేను కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు ఇరవై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చేసరికే చాలామంది బేరంలో చేయకూడని పొరపాటు చేసేసి ఉంటారు. అందుకే అగ్రిమెంటు రాయించుకోవడానికి వచ్చినవాళ్లు ముందే అడిగి ఉంటే బాగుండేదని నాకు అనిపించిన ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టాను. ఇవి ఎవరో ఒకరు కట్టి ఉంటున్న ఇళ్ల గురించి, చేతులు మారే ఫ్లాట్ల గురించి. బిల్డర్ దగ్గర కొత్తగా కొనే ఫ్లాటు లెక్క వేరు.

ఆఫర్ ఇవ్వడం అంటే ధర చెప్పడమేనా?

కాదు. ధర ఒక భాగం మాత్రమే. డబ్బు ఎప్పుడెప్పుడు, ఏ రూపంలో వస్తుంది, లోను ఉందా, ఎన్ని రోజుల్లో రిజిస్ట్రేషన్, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి, ఏ కాగితం తేడా వస్తే బేరం రద్దవుతుంది, అల్మరాలు, గీజర్లు, ఇన్వర్టరు ఇంట్లోనే వదిలేస్తారా, ఇవన్నీ కలిస్తేనే ఆఫర్. అరవై ఎనిమిది లక్షలిచ్చి ఆరు నెలలు గడువడిగేవాడి కన్నా, అరవై ఆరున్నరిచ్చి నలభై ఐదు రోజుల్లో ముగిస్తానన్నవాడికి ఇల్లు ఇచ్చిన ఓనర్లను చాలామందిని చూశాను. కొనేవాళ్లు మాత్రం ఈ సంగతులన్నీ "తర్వాత చూసుకుందాం" అని అంకె దగ్గరే కుస్తీ పడతారు. అంకె తెగాక మిగతావి అడిగితే అవతలివాళ్లకు అది కొత్త బేరంలా కనిపిస్తుంది.

వాళ్లు చెప్తున్న రేటు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ఆన్‌లైన్ సైట్లలో కనిపించేది అడిగే ధర. అమ్ముడైన ధర కాదు. ఆ తేడా మనసులో పెట్టుకోండి.

ప్రభుత్వ మార్కెట్ విలువ రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉచితంగా చూసుకోవచ్చు. కానీ హైదరాబాదులో చాలాచోట్ల అది బయటి రేటు కన్నా బాగా తక్కువ. స్టాంపు డ్యూటీ లెక్కకు పనికొస్తుంది గానీ బేరానికి పెద్దగా పనికిరాదు. అదే అపార్ట్‌మెంటులో గత రెండేళ్లలో అమ్ముడైన ఫ్లాట్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం) తీసి చూసినా, అందులో కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. కొందరు ప్రభుత్వ విలువకే రాయించుకుంటారు. బ్యాంకు లోనుతో కొన్నవాళ్ల దస్తావేజులో మాత్రం అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. ఈసీలో అమ్మకం ఎంట్రీ పక్కనే బ్యాంకు తనఖా ఎంట్రీ కూడా ఉందంటే ఆ ఫ్లాటు ధరను మీ లెక్కలోకి తీసుకోవచ్చు.

అంతకన్నా మంచి ఆధారం మనుషులు. అసోసియేషన్ సెక్రటరీని కలవండి. మెయింటెనెన్స్ బాకీలు ఉన్నాయా అని అడిగే వంకతో కలిస్తే చాలు, మాట మాట మీద ఏ ఫ్లాటు ఎంతకు పోయిందో చెప్తారు. వాచ్‌మన్‌కైతే ఎవరు ఎన్నాళ్ల నుంచి అమ్మాలని చూస్తున్నారో కూడా తెలుసు. ఇల్లు అమ్మకానికి పెట్టి ఎన్ని నెలలైందన్నది ధరంత ముఖ్యమైన సమాచారం.

లెక్కలో ఇంకో మెలిక. ఎస్సెఫ్టీ రేటు చెప్పినప్పుడు అది కామన్ ఏరియా కలిపిన కొలతా, లోపలి కార్పెట్ ఏరియానా అని అడగండి. ఒకే పన్నెండు వందల ఎస్సెఫ్టీ ఒక ఇంట్లో విశాలంగా, ఇంకో ఇంట్లో ఇరుకుగా ఉండేది అందుకే. పాత అపార్ట్‌మెంటయితే మీ వాటా భూమి ఎన్ని గజాలో కూడా చూడండి. పాతికేళ్ల బిల్డింగులో గోడల విలువ ఏటా తగ్గుతుంటుంది, పెరిగేది ఆ గజాలే. ఇండిపెండెంట్ ఇంటికైతే ముందు స్థలం ధర కట్టి, తర్వాత కట్టడానికి ఎంతో కొంత కలపండి. ఆంధ్రా వైపు సెంట్లలో చెప్తే, సెంటుకు 48.4 గజాలు.

చేతిలో ఎంత ఉంటే బేరానికి కూర్చోవచ్చు?

డెబ్బై లక్షల ఫ్లాటు అనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ముప్ఫై లక్షల లోపు లోనుకు ఆస్తి విలువలో 90 శాతం వరకు, ముప్ఫై దాటి డెబ్బై ఐదు లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం దాటి ఇవ్వకూడదు. అంటే మీకు వచ్చే లోను గరిష్ఠంగా యాభై ఆరు లక్షలు. మిగతా పద్నాలుగు మీరే పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. డెబ్బై లక్షల మీద అది ఐదు లక్షల పాతిక వేలు. మధ్యవర్తికి డెబ్బై వేలు, లాయరుకు, బ్యాంకు ప్రాసెసింగుకు ఇంకొంత. ఇరవై లక్షలు పైన చేతిలో లేకుండా డెబ్బై లక్షల ఇల్లు బేరమాడకూడదు.

అందులోనూ ఒక గండం ఉంది. బ్యాంకు మీ అగ్రిమెంటు ధరను చూసి లోను ఇవ్వదు, తన వాల్యుయేటరు చెప్పిన విలువతో పోల్చి తక్కువ ఉన్న అంకెను పట్టుకుంటుంది. పాత బిల్డింగుల్లో వాల్యుయేటరు అరవై ఐదే కట్టాడంటే లోను యాభై రెండుకు దిగుతుంది, మీ వాటా పద్దెనిమిదికి ఎక్కుతుంది. బేరానికి ముందే బ్యాంకుకు వెళ్లి మీ జీతం మీద ఎంత వస్తుందో రాతపూర్వకంగా తెచ్చుకోండి. సిట్టింగులో, అంటే ఓనరుతో ఎదురెదురుగా కూర్చుని బేరమాడేటప్పుడు, ఆ కాగితం బల్ల మీద పెడితే మీ మాటకు బరువు వస్తుంది.

మొదటిసారి ఎంతకు అడగాలి? పది శాతం తగ్గించి అడగమంటారు కదా?

శాతాలు నేను నమ్మను. ముందే ఎక్కువ చెప్పిన ఇంటికి పది శాతం తగ్గించినా ఎక్కువే. సరిగ్గా చెప్పిన ఇంటికి పది శాతం తగ్గించి అడిగితే ఓనరు తలుపు వేసేస్తాడు. మీ అంకెకు కారణం ఉండాలి, ఆ కారణం వాళ్ల కళ్లెదుట కనిపించాలి.

ఒక సిట్టింగు చెప్తాను. నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాటు. ఓనరు రిటైరైన పెద్దాయన, డెబ్బై రెండు చెప్పాడు. కొనే కుర్రాడు మొదట అరవై నాలుగన్నాడు. పెద్దాయన మొహం చిన్నబోయింది, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. కుర్రాడు అక్కడే ఆగిపోయి ఉంటే బేరం పోయేదే. అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. బాత్రూము గోడ వెనక చెమ్మకు మేస్త్రీ ఇచ్చిన అంచనా, వంటింట్లో పాత వైరింగు మార్చడానికి ఎలక్ట్రీషియన్ చెప్పిన మొత్తం, లిఫ్టు మార్చాలని అసోసియేషన్ తీర్మానించినందుకు ఫ్లాటుకు అరవై వేలు. ఒక్కొక్కటీ చదివాడు. "మీరు కట్టుకున్న ఇంటిని తక్కువ చేయడం లేదండీ, నేను దిగాక పెట్టాల్సింది ఇదీ" అన్నాడు. పెద్దాయన కాగితం తీసుకుని తానే కూడి చూసుకున్నాడు. అరవై తొమ్మిదిన్నరకు దిగాడు, కుర్రాడు అరవై ఏడుకు ఎక్కాడు. అక్కడ గంటసేపు కదలలేదు.

కదిలించింది పెద్దాయన భార్య. టీ గ్లాసులు తీయడానికి వచ్చి, "మనవరాలి పదో తరగతి పరీక్షలయ్యే దాకా మేం కదలలేం నాయనా" అంది. కుర్రాడు వెంటనే, "రిజిస్ట్రేషన్ అయ్యాక యాభై రోజులు అద్దె లేకుండా ఉండండి, ఒక లక్ష మాత్రం తాళాలిచ్చే రోజు ఇస్తాను" అన్నాడు. అరవై ఏడున్నరకు చేయి కలిపారు. ఆ రోజు వాళ్లకు రెండు లక్షల కన్నా ఆ యాభై రోజులే ఎక్కువ అవసరం.

కాబట్టి ధర చెప్పే ముందు ఎందుకు అమ్ముతున్నారో మర్యాదగా అడిగి తెలుసుకోండి. కూతురి పెళ్లా, ఇంకో ఇంటికి అడ్వాన్సు ఇచ్చి గడువు దగ్గరపడిందా, అన్నదమ్ముల పంపకమా, విదేశాలకు వెళ్లిపోవడమా. జవాబును బట్టి వాళ్లకు తొందర ముఖ్యమో, రూపాయి ముఖ్యమో తెలుస్తుంది. మీ గరిష్ఠ అంకెను మాత్రం ఇంటి దగ్గరే రాసి పెట్టుకోండి. సిట్టింగు వేడిలో పెంచకండి.

మనమే మాట్లాడాలా, మధ్యవర్తి మాట్లాడాలా?

మధ్యవర్తి ఇల్లు చూపించడానికి, సిట్టింగు ఏర్పాటు చేయడానికి అవసరమే. కానీ బేరం తెగితేనే అతనికి కమీషను. ధర పెరిగినా తగ్గినా అతనికి వచ్చే తేడా కొంచెమే. కాబట్టి చివరి మాట ఓనరుతో మీరే ఎదురెదురుగా మాట్లాడుకోండి. రీసేల్‌లో మామూలుగా రెండు వైపులా ఒక్కో శాతం తీసుకుంటారు. ఎంత, ఎప్పుడు అన్నది ఇల్లు చూడకముందే తేల్చుకుని, సగం అగ్రిమెంటు రోజు, సగం రిజిస్ట్రేషన్ రోజు అని పెట్టుకోండి. మొత్తం అగ్రిమెంటు రోజే ఇచ్చేస్తే, ఆ తర్వాత కాగితాల కోసం తిరగాల్సిన పని మీ ఒక్కరిదే అవుతుంది.

"ఇంకో పార్టీ రెడీగా ఉంది, సాయంత్రానికి అడ్వాన్సు ఇచ్చేస్తారట" అంటున్నారు. ఏం చేయాలి?

నిజమూ కావచ్చు. "సంతోషమండీ, మా ఆఫర్ రేపు సాయంత్రం వరకు ఇదే" అని చెప్పి రండి. కాగితాలు చూడకుండా సాయంత్రానికి డబ్బివ్వాల్సిన ఇల్లు పోతే పోనివ్వండి.

వాస్తు లోపం చూపించి ధర తగ్గించమని అడగొచ్చా?

దక్షిణం ఫేసింగు, వీధిపోటు ఉన్న ఇళ్లకు అడిగేవాళ్లు తక్కువ, ధరా కొంచెం తక్కువే నడుస్తుంది. అది మార్కెట్లో ఉన్న మాటే. మీకు పట్టింపు లేకపోతే అలాంటి ఇల్లు లాభమే, కానీ మళ్లీ అమ్మేటప్పుడు అదే తగ్గింపు మీకూ వర్తిస్తుందని గుర్తుంచుకోండి. ఒక్కటి మాత్రం చేయకండి. వాళ్లు పిల్లల్ని పెంచుకున్న ఇంట్లో కూర్చుని "ఈ ఇంట్లో కలిసిరాదటగా" అనకండి. ఆ మాటతో లేచి వెళ్లిపోయిన ఇల్లాలిని చూశాను. తర్వాత ఎంత పెంచినా ఆ బేరం కుదరలేదు.

ఆషాఢంలో, మూఢంలో బేరం పెట్టుకోవచ్చా?

ఆ రోజుల్లో చూసేవాళ్లు తగ్గుతారు, ఓనరు ఫోను మోగదు. మీకు నమ్మకం ఉన్నా ఫర్వాలేదు. ఆషాఢంలో ఇల్లు చూసి, రేటు మాట్లాడుకుని, జిరాక్సులు తీసుకుని లాయరుకు ఇవ్వండి. శ్రావణం రాగానే మంచిరోజు చూసి అడ్వాన్సు ఇవ్వండి. ఆ నెల రోజులూ కాగితాల పరిశీలనకు కలిసొస్తాయి. మంచిరోజు దాటిపోతుందన్న తొందరలో చూడని కాగితానికి డబ్బిచ్చే బాధా ఉండదు.

టోకెన్ ఎంత ఇవ్వాలి? రసీదు అవసరమా?

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నేనూ తిన్నాను. 2011లో మా సొంతింటి కోసం ఒకాయనకు లక్ష రూపాయలు నగదుగా ఇచ్చాను. ఆయన విజిటింగ్ కార్డు వెనక "1 లక్ష ముట్టింది" అని రాసి సంతకం పెట్టాడు. ఏ ఇంటికో లేదు, ఎంత ధరకో లేదు, ఎన్నాళ్లకో లేదు. పది రోజుల్లో వేరేవాళ్లు ఇంకో నాలుగు లక్షలు ఎక్కువిస్తామంటే వాళ్లకు అమ్మేశాడు. నేనిచ్చిన ఆ లక్ష, పదివేలు ఒకసారి, ఇరవై వేలు ఒకసారి చొప్పున ఏడు నెలలకు తిరిగి వచ్చింది. ఊరందరికీ దస్తావేజులు రాసే మనిషిని, నా డబ్బుకు నేను కాగితం రాయించుకోలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. టోకెన్ ఇచ్చే రోజు ఎవరైనా మొహమాటపడుతుంటే తీసి చూపిస్తాను.

టోకెన్ యాభై వేలో, లక్షో చాలు. వెయ్యిన్నూటపదహారుల లెక్కన శకునానికి కొంత చేతికిచ్చి, మిగతాది చెక్కుగానో, ఆన్‌లైన్‌లోనో పంపండి. దాంతోపాటు ఒక తెల్లకాగితం మీద ఇలా రాయించుకోండి:

"ఫలానా అపార్ట్‌మెంటు ఫలానా నంబరు ఫ్లాటును రూ. 67,50,000 ధరకు ఫలానా వారికి అమ్ముటకు ఒప్పుకొని, ఈ రోజు టోకెన్ అడ్వాన్సుగా రూ. 1,00,000 ఆన్‌లైన్ ద్వారా అందుకున్నాను. ఒరిజినల్ కాగితాల జిరాక్సులు ఇచ్చాను. 15 రోజుల్లో అగ్రిమెంటు రాసుకుంటాం. లాయరు పరిశీలనలో హక్కు సక్రమంగా లేదని తేలినా, ఆస్తి కాగితాల కారణంగా బ్యాంకు లోను నిరాకరించినా ఈ మొత్తాన్ని 7 రోజుల్లో వాపసు ఇస్తాను. ఈ 15 రోజులు ఇతరులతో బేరం చేయను."

ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, తేదీ. ఇంతే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇష్టపడని ఓనరుకు డబ్బివ్వకండి.

అడ్వాన్సుకు ముందు ఏ కాగితాలు చూడాలి?

లింకు డాక్యుమెంట్లన్నీ (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) లాయరు చూడాలి, అది మీ కంటితో అయ్యే పని కాదు. మీరు స్వయంగా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. చెరువు దగ్గరయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే మేర), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని మేర) హద్దులు చూడండి. 2024 జూలైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఈ సంగతి ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. మున్సిపల్ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, అక్కడ ఎన్ని లేచాయో లెక్కపెట్టండి. పైన పెంట్‌హౌస్ చవగ్గా వస్తోందంటే చాలాసార్లు కారణం అదే. దానికి బ్యాంకు లోను రాదు, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాడికీ రాదు.

అన్నిటికన్నా ఎక్కువగా అడగాల్సింది కుటుంబం గురించి. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే తల్లికీ సమాన వాటా. పిత్రార్జితమైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చింది, ఆ హక్కు పుట్టుకతో వచ్చేదని 2020లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. "అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేశాంలెండి" అన్న మాట బేరంలో తరచూ వినిపిస్తుంది. అక్కకు ఇచ్చారు సరే, ఆమె సంతకం ఏది? ఆమెను సిట్టింగుకు పిలవమనండి. ఆమె వాటా ఆమెకు దక్కిందో లేదో కనుక్కోవడం మీ భద్రత కోసమే కాదు, న్యాయం కూడా.

అగ్రిమెంటులో ఏం ఉండాలి? వంద రూపాయల స్టాంపు పేపరు చాలదా?

నోటరీ చేయించిన వంద రూపాయల కాగితాలే ఎక్కువ నడుస్తున్నాయి, నిజమే. కానీ రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రాలు చేసుకున్న సవరణ ప్రకారం అగ్రిమెంటు ఆఫ్ సేల్‌ను కూడా రిజిస్టరు చేయాలి. పెద్ద మొత్తం అడ్వాన్సు ఇస్తుంటే, గడువు మూడు నాలుగు నెలలుంటే చేయించండి. ఈసీలో మీ పేరు కనిపిస్తే ఇంకొకరికి అమ్మడం కష్టమవుతుంది. రిజిస్టరు చేయకపోయినా ఇల్లు రాసివ్వమని దావా వేసినప్పుడు ఆ కాగితం సాక్ష్యంగా నిలుస్తుంది. అగ్రిమెంటులోనే ఇల్లు స్వాధీనం చేసినట్టు మాత్రం రాయకండి, అప్పుడు దాని మీద సేల్‌డీడ్‌తో (అసలు అమ్మకం దస్తావేజుతో) సమానంగా స్టాంపు డ్యూటీ అడుగుతారు.

అడ్వాన్సు మొత్తం ధరలో పది శాతం దాటనివ్వకండి. గడువు తేదీ అంకెల్లో రాయండి, "సుమారు మూడు నెలలు" అని కాదు. లోను రాకపోతే ఏమిటి, కాగితాల్లో లోపం బయటపడితే ఏమిటి, వాళ్లు రిజిస్ట్రేషన్‌కు రాకపోతే ఏమిటి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. ఇంట్లో వదిలివెళ్లే సామాను పేరుపేరునా రాయండి. గోడకు బిగించిన ఏసీలు తీసుకుపోయి రంధ్రాలు వదిలిన ఇళ్లను చూశాను. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దగ్గర పెద్ద పనుల కోసం ఉంచే సొమ్ము) ఎవరి పేరున బదిలీ అవుతుందో, కరెంటు, నీళ్లు, ఇంటి పన్ను బాకీ ఏ తేదీ వరకు ఎవరిదో రాయండి.

టీడీఎస్ సంగతి సిట్టింగులోనే చెప్పాలి. యాభై లక్షలు, ఆ పైన ధర ఉంటే కొనేవారు ఒక శాతం పన్ను పట్టుకుని అమ్మేవారి పాన్ మీద కట్టాలి. అది అదనపు ఖర్చు కాదు, వాళ్లకిచ్చే డబ్బులోదే. కానీ చివర్లో చెప్తే "మీరు తక్కువ ఇస్తున్నారు" అని గొడవ. వాళ్ల పాన్ ఆధార్‌తో లింకు అయి పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. పనిచేయని పాన్ అయితే పట్టుకోవాల్సింది ఇరవై శాతం.

"సగం వైట్, సగం బ్లాక్ అయితే తగ్గిస్తాం" అంటున్నారు. లాభమేనా?

వద్దండి. ఇంటి అమ్మకం డబ్బు ఇరవై వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తాన్నీ జరిమానాగా వేయొచ్చు. బేరం చెడితే ఆ నగదు ఇచ్చినట్టు మీ దగ్గర రుజువు ఉండదు. కోర్టుకు వెళ్దామన్నా, రెండు లక్షలు, ఆ పైన నగదు ఇచ్చామని దావాలో రాస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కోర్టులన్నిటికీ చెప్పింది. పైగా కాగితం మీద ధర తగ్గితే మీ లోనూ తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి ఆ పన్నూ మీరే కట్టాలి. వాళ్లు తగ్గిస్తామంటున్నది వాళ్ల పన్నులోంచి, ఆ భారం ఎక్కేది మీ నెత్తికి.

ఓనరు పేరు మీద లోను ఉంది. కొనొచ్చా?

కొనొచ్చు, ఒక రకంగా మంచిదే. ఒకసారి బ్యాంకు లాయరు ఆ కాగితాలు చూసి ఉంటాడు కాబట్టి. వాళ్ల బ్యాంకు నుంచి బాకీ ఎంతో తెలిపే ఫోర్‌క్లోజర్ లెటరు, దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా తెప్పించండి. బాకీ డబ్బును ఓనరు చేతికి కాదు, నేరుగా లోను ఖాతాకు కట్టండి. ఈసీలో ఉన్న తనఖా ఎంట్రీ రద్దయినట్టు కాగితం తీసుకోండి.

ఓనరు అమెరికాలో ఉన్నారు, తమ్ముడి పేర జీపీఏ (తమ తరఫున పని చేసే అధికార పత్రం) ఇచ్చారు. జాగ్రత్తలేమిటి?

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండి ఇక్కడి ఫ్లాటు అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది. జీపీఏ అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టినదై ఉండాలి. అందులో అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం స్పష్టంగా ఉన్నాయా చూడండి. అసలు ఓనరుతో వీడియో కాల్‌లో ధర చెప్పించుకోండి. రాసిచ్చిన మనిషి చనిపోతే జీపీఏ కూడా పోయినట్టే. డబ్బు తమ్ముడి ఖాతాకు కాదు, ఓనరు ఖాతాకే పంపండి.

పన్ను దగ్గర చాలామంది పొరబడతారు. ఎన్నారై ఓనరయితే ఒక శాతం లెక్క వర్తించదు. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇల్లయితే 12.5 శాతం, దాని మీద సర్‌ఛార్జీ, సెస్సు. తక్కువ పట్టుకోవచ్చని పన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ తెస్తే సరి, లేకపోతే అమ్మకం ధర మొత్తం మీద పట్టుకోవాలి. పట్టుకోకపోతే శాఖ అడిగేది మిమ్మల్నే. ఆ సర్టిఫికెట్ రావడానికి వారాలు పడుతుంది కాబట్టి బేరంలోనే గడువు అంతకు తగ్గట్టు పెట్టుకోండి.

అగ్రిమెంటయ్యాక ఎవరో ఒకరు వెనక్కి తగ్గితే?

మీరు తగ్గితే అడ్వాన్సు పోవచ్చు. అయితే బేరానికి హామీగా ఇచ్చిన బయానా వేరు, ధరలో భాగంగా కట్టిన సొమ్ము వేరు. మొదటిది, షరతు స్పష్టంగా రాసి ఉంటేనే జప్తు చేసుకోవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే "ఇందులో ఇంత బయానా" అని విడిగా చిన్న అంకె రాయించమంటాను.

వాళ్లు తగ్గితే, రాసిన ధరకే ఇల్లు రాసివ్వమని దావా వేయొచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి (ఒప్పందం అమలు చేయించే చట్టానికి) 2018లో చేసిన సవరణ తర్వాత కొనేవారి పక్షం బలపడింది. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. కానీ డబ్బు సిద్ధంగా ఉంచుకుని కొనడానికి ముందుకొచ్చారని మీరు చూపించాలి. గడువు లోపలే లాయరు నోటీసు పంపండి, ఆ రోజుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, లోను మంజూరు లెటరు దాచుకోండి. ఫోనులో తిట్టుకోవడం రుజువు కిందికి రాదు.

రిజిస్ట్రేషన్ రోజు ఏం చూసుకోవాలి?

స్లాటు బుక్ చేసిన రోజు పొద్దున్నే ఈసీ మళ్లీ ఒకసారి తీయండి, పాతదాన్ని నమ్మి వెళ్లకండి. డీడీల వివరాలు సేల్‌డీడ్‌లో నంబర్లతో సహా ఉన్నాయా, హద్దులు, ఫ్లాటు నంబరు, పార్కింగు నంబరు సరిగ్గా పడ్డాయా, పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా చదువుకోండి. చదవడానికి సిగ్గుపడకండి, రాసేది నేనైనా సరే. ఆ రోజు గుమ్మం దగ్గర "ఇంకో యాభై వేలు ఇస్తేనే వేలిముద్ర వేస్తా" అనే ఓనర్లు అరుదుగా తగులుతారు. అగ్రిమెంటు కాగితం చేతిలో పెట్టుకుని, "ఇందులో రాసినంతే" అనండి, గొంతు పెంచకుండా. సంతకాలయ్యాక అందరూ హోటలుకు బయల్దేరకముందే ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు లెక్కపెట్టి తీసుకోండి. ఇంటికి వెళ్లి కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. తాళంచెవుల్లో మెయిన్ డోరువి, టెర్రస్‌వి, లెటర్ బాక్సువి కూడా అడగండి.